చేయని దోషమునకు ఫలమేల?

మనుష్యుడు తనకు వచ్చిన కష్టమునకు కారణమును వెదకుట సహజము. కారణము దొరకినంత మాత్రమున కష్టము తగ్గదు గాని, ఆ కష్టమున కొక యర్థము కలుగును. మన పూర్వులు ఆ యర్థమునకు కర్మమని పేరిడిరి. ఇరువదియేండ్లుగా పిట్లములో బాలురకు చదువు చెప్పుచు నేనును ఆ మాటనే చెప్పుచు వచ్చితిని: విత్తినదే కోయుదుము, చేసినదే యనుభవింతుము. ఆ మాట చెప్పుట నాకిప్పుడు కష్టమగుచున్నది. ఎందువలన కష్టమగుచున్నదో చదువరులకు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

2025వ సంవత్సరము ఆగస్టు 27, 28 తేదీలలో మా కామారెడ్డి జిల్లాపై కురిసిన వాన సామాన్యమైనది కాదు. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించి కురిసెను. ఏడాది పొడవున కురియవలసిన వర్షములో ఇది మూడవవంతునకు పైబడినది. రైలుపట్టాల క్రింది మన్ను కొట్టుకొనిపోయెను. రహదారిపై రాకపోకలు నిలిచెను. నూఱేండ్లు దాటిన పోచారము ఆనకట్టపై నీరు పొంగి ప్రవహింపగా, అది నిలుచునో లేదో యని జనులు ప్రాణములుగ్గబట్టుకొని చూచిరి. అది నిలిచినది. కాని చేలు నిలువలేదు. నిజాంసాగరము గేట్లెత్తగా మంజీర రెండు దరులను ముంచెను. అది సోయాచిక్కుడు కాయ పట్టు సమయము, పత్తి పూతపట్టు సమయము.

కొన్ని దినములకు బడి తెఱచితిమి. ఆనాటి పాఠము నీతిపాఠము. తప్పు చేసినవాడు శిక్షను తప్పించుకొనలేడని నేను చెప్పుచుండగా, వారము దినములు బడికి రాని యొక బాలుడు లేచి నిలిచెను. వాగు పొంగిన రాత్రి వారి పాకలో కట్టివేసియున్న బఱ్ఱె పలుపు తెంచుకొనలేక మునిగి చచ్చినదనియు, దూడ మాత్రము దక్కినదనియు ఇతర బాలురు నాకు ముందే చెప్పియుండిరి. ఆ బాలుడు నన్నిట్లడిగెను:

"సార్, తప్పు జేసినోళ్లకే శిక్ష పడ్తదంటిరి గదా. మా బాపు ఏం తప్పు జేసిండు? మా బర్రె ఏం తప్పు జేసింది?"

పూర్వజన్మమను మాట నా నాలుక చివఱకు వచ్చెను. ఆ పిల్లవాని ముఖము చూచితిని; ఆ మాట బయటికి రాలేదు. "రేపు చెప్పెద" నంటిని. ఆ రేపు ఎన్నియో దినములైనది.

మన తార్కికులు కర్మసిద్ధాంతమును ఊరక నమ్మి యూరకుండలేదు. లోకమున కర్మనియమమే లేకున్నచో రెండు దోషములు కలుగునని వారు వాదించిరి. ఒకటి కృతనాశము, అనగా చేసిన పనికి ఫలము లేకపోవుట. రెండవది అకృతాభ్యాగమము; అనగా చేయని పనికి ఫలము వచ్చి పైబడుట. ఈ రెండును అన్యాయములు. న్యాయమైన లోకములో ఇవి ఉండరాదు గనుక, కనబడని పూర్వకర్మము కలదని వారు నిశ్చయించిరి. చూడుడు, వారికి అన్యాయముపై నెంత రోషము కలదో! వారు కర్మమును ఒప్పుకొన్నది బాధితుని నోరు మూయించుటకు కాదు. చేయనివానికి ఫలము రాదగదను పట్టుదలతో ఒప్పుకొనిరి. మనమో, ఆ పట్టుదలను విడిచి పేరును మాత్రము మిగుల్చుకొంటిమి. మునిగిన రైతును చూచి "వాని కర్మము" అని యనుచున్నాము. అని, మన యింటికి పోయి భోజనము చేయుచున్నాము.

పూర్వకాలమున ఈ మాట కొంతవఱకు క్షమింపదగినది. పంటకు వచ్చు కీడులను మన పెద్దలు ఆఱు ఈతిబాధలుగా లెక్కించిరి: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగున నున్న రాజులు. ఇందు మొదటి అయిదింటికి కారణమడుగుటకు తావులేదు. 1876లో ధాత కఱవు దక్షిణదేశమును కాల్చినప్పుడు మేఘము లేల రాలేదని ఎవరిని అడుగుదురు? దొరతనమువారు ధాన్యము నేల పంపలేదని యడుగవచ్చును గాని, వాన నేల ఆపితిరని యడుగుటకు వీలులేదు. ఆఱవ ఈతియగు పొరుగురాజు ఒక్కడే పేరు పెట్టి నిందింపదగినవాడు. మనుష్యుడు తెలిసి చేసిన కీడు అది యొక్కటియే.

నేటి మార్పు ఇది: మొదటి రెండు ఈతులును ఆఱవదానిలోనికి వచ్చి చేరినవి. అతివృష్టి యనావృష్టులలో ఇప్పుడు మనుష్యుని చేయి కలదు. అది పొరుగురాజుది మాత్రమే కాదు, సముద్రముల కావలి రాజులది కూడ.

ఇది ఆవేశముతో చెప్పుమాట కాదు. బొగ్గును, నూనెను మండించినప్పుడు పుట్టు బొగ్గుపులుసుగాలి భూమి వేడిని పోనీయక దుప్పటివలె పట్టియుంచునని 1896లోనే స్వీడనుదేశపు అర్రీనియసు పండితుడు లెక్కగట్టెను. 1938లో కాలెండరను ఆంగ్లేయ ఇంజనీరు దేశదేశముల ఉష్ణమానపు లెక్కలను కూర్చి, భూమి వేడెక్కుట అప్పటికే ఆరంభమైనదని చూపెను. యంత్రయుగమునకు ముందు పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లున్న ఆ వాయువు నేడు 420 పాళ్లను దాటినది. 2024వ సంవత్సరము లెక్కలు కట్టినప్పటినుండి మిక్కిలి వేడియైన సంవత్సరముగా నిలిచినది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో అది పట్టగల నీటియావిరి నూటికి ఏడు పాళ్లు హెచ్చును. ఆ గాలియే చేలను పీల్చి యెండగట్టును. ఆ గాలియే పట్టిన నీటినంతయు నొక్కచోట కుమ్మరించును. కఱవును వఱదయు శత్రువులనుకొంటిమి. అవి యొక్క తల్లి బిడ్డలు. ఒకానొక వాన పూర్తిగా దీనివలననే కురిసెనని శాస్త్రజ్ఞులనరు. అట్టి వానలు తఱచగుటకును, వాని యుద్ధృతి పెరుగుటకును ఇది కారణమని మాత్రము చెప్పుదురు. న్యాయవిచారణకు ఆ మాట చాలును.

మా పిట్లములో ఈ రెండు ముఖములను పదియేండ్లలోనే చూచితిమి. 2015లో వానలు లేక తెలంగాణములో 231 మండలములను కఱవు మండలములుగా ప్రకటించిరి. నాటి నిజామాబాదు జిల్లాలో ఒక్క మండలమైనను మినహాయింపు పొందలేదు. 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరము మొదట 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టుటకు కట్టినది. ఒండ్రు చేరి నేడది సుమారు 17.8 టి.ఎం.సి.లకు తగ్గినది. ఆ కఱవులో ఆ మాత్రమును లేక అడుగు బయటపడెను. దాని నీటిపై నాధారపడి చెఱకు పండిన కాలమున బోధనులో చక్కెర కర్మాగారము ఆసియాఖండమునకే పేరు మోసినది. అదియు 2015లోనే మూతపడినది. దానికి వేఱు కారణములును కలవు. పదియేండ్ల తరువాత ఆ జలాశయమే నీటిని పట్టలేక వదలవలసివచ్చెను.

పశువుల సంగతి చదువరులకు కొంత విప్పి చెప్పవలెను. పట్టణమున పాలు పొట్లములో వచ్చును గనుక బఱ్ఱెను మఱచుట సులభము. బఱ్ఱె తోలు నల్లనిది, వెండ్రుకలు పలుచనివి, చెమటగ్రంథులు ఆవుకంటె మిక్కిలి తక్కువ. నీటిలో పడుకొననిదే దాని వేడి తీఱదు. చెఱువెండిన యేట అది మేత మానును, పాలు తగ్గించును, చూలు కట్టుట యాలస్యమగును. ఒకప్పుడు మా నల్లరేగడి భూములలో జొన్న పండి, గింజ మనుష్యునికి, చొప్ప పశువునకు దక్కుచుండెను. జొన్న తగ్గి సోయాచిక్కుడును పత్తియు పెరుగగా ధాన్యముతోబాటు మేతయు పోయినది. కఱవు రాగానే మేతధర పెరుగును, అందఱును ఒక్కమాఱే పశువులను అంగడికి తోలుదురు, పశువుధర పడిపోవును. వానలు కురిసిన తరువాత కొనబోవునప్పటికి ధర రెట్టింపగును. ఈ రీతిగా అమ్మునప్పుడు నష్టము, కొనునప్పుడు నష్టము. రైతునకు పశువు ధనము మాత్రమే కాదు, ధైర్యము. ఎడ్లు పోయిన యింటిలోని కొడుకు గల్ఫుదేశమునకు పోవుట మా ప్రాంతమున కొత్త సంగతి కాదు.

ఇది మా యొక్కరి కథయు కాదు. 2022లో పాకిస్తానములో వచ్చిన వఱదలలో 1,700 మందికి పైగా మనుష్యులు, పది లక్షలకు పైగా పశువులు చచ్చినవి. ఆఫ్రికా తూర్పుకొమ్మున 2020 మొదలుకొని వరుసగా అయిదు వర్షకాలములు విఫలమై, మందలే సర్వస్వముగా గల జాతులు మందలను పోగొట్టుకొనెను. ఆ గొల్లవానికిని మా పాలరైతునకును భాష తెలియదు గాని, ప్రశ్న ఒక్కటే.

ఇక ప్రతివాదము వినవలెను. వినకుండ తీర్పు చెప్పుట ధర్మము కాదు.

మొదటి ప్రతివాది యిట్లనును: "మీ పశువులు మాత్రము నిర్దోషులా? నెమరువేయు ప్రతి జంతువును మీథేనను వాయువును విడుచును. నీరు నిలిచిన వరిమడియు విడుచును. అదియు భూమిని వేడి చేయును. 2019 గణన ప్రకారము మీ దేశమున ఆవులును ఎద్దులును 19 కోట్లు, బఱ్ఱెలు దాదాపు 11 కోట్లు కలవు." ఈ మాట నిజమే. దీనికి ప్రత్యుత్తరము 1991లో ఢిల్లీలోని అనిల్ అగర్వాలు, సునీతా నారాయణులు చెప్పియే యున్నారు: బ్రతుకుటకు విడుచు ఆవిరిని, విలాసమునకు విడుచు పొగను ఒక్క త్రాసులో తూచుట న్యాయము కాదు. నేడు అమెరికాలో తలకు ఏటికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసుగాలి, మన దేశమున సుమారు 2 టన్నులు. ఆ రెండింటిలోను మా బాలుని తండ్రి పాలెంత? అతనికి మోటారుబండి లేదు; చలువయంత్రము లేదు. ఆకలిగొన్నవాడు తిన్న రొట్టెను, ఉన్నవాడు పాఱవేసిన రొట్టెను ఒక్క పద్దులో వ్రాయు గుమాస్తాను మనము గుమాస్తాయనము.

అయినను మన దోషమును దాచరాదు. చెఱువుల శిఖములను ఆక్రమించినది అమెరికావారు కాదు. వాగులకడ్డముగా ఇండ్లు కట్టినది, ఇసుకను తవ్వి యమ్మినది, బోరువెంట బోరు వేసి పాతాళమును గుల్ల చేసినది మనమే. వాన వారి చేతి పని కొంత. వాన వఱదగా మాఱుట మన చేతి పని కొంత. పరదోషమును చూపి స్వదోషమును కప్పుకొనువానికి ఈ వాదమున చోటులేదు.

రెండవ ప్రతివాది యిట్లనును: "పొగ వదలినవారు మా తాతలు. వారికి తెలియదు. తెలియక చేసినదానికి, అందును తాతలు చేసినదానికి, మేమేల ఉత్తరవాదులము?" తెలియదను మాట 1992 వఱకు కొంత చెల్లును. ఆ యేట రియో నగరమున లోకములోని రాజ్యములన్నియు కూడి, వాతావరణమును కాపాడు భారము అందఱిదియు నగుననియు, అయినను సమానము కాదనియు వ్రాసికొనెను. అటుపిమ్మట తెలియదను మాట చెల్లదు. ఇక తాతల మాట. మన ధర్మశాస్త్రములో దీనికి స్పష్టమైన సూత్రము కలదు. చచ్చినవాని సొత్తు నెవడు గైకొనునో వాడే యాతని ఋణము తీర్పవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. తాత కట్టిన మేడ నాదే, తాత చేసిన అప్పు నాది కాదను మనుమనిని ఏ పంచాయతీ యొప్పుకొనును? 2022లో ఈజిప్టులో కూడిన సభ నష్టపరిహారనిధి నొకదానిని పెట్టుటకు సమ్మతించెను. మఱుసటి యేట దుబాయిలో దానికి వాగ్దానము చేసిన ధనము సుమారు 70 కోట్ల డాలర్లు. లోకములోని బీదదేశములన్నిటి కష్టమునకు ఆ ధనము ఏ మూలకు? అప్పు ఒప్పుకొని వడ్డీ కూడ కట్టని ఋణస్థుని తీరిది.

ఇంతవఱకు వ్రాసి నేను కలము దించితిని. దూరదేశపు ధనవంతులను ధర్మశాస్త్రముతో కొట్టుట నాకు సంతోషముగనే యుండెను. అప్పుడే నా కౌలుదారుడు గుమ్మములో నిలిచి "సార్" అని పిలిచెను.

మా తండ్రిగారివలన నాకు నాలుగెకరముల నల్లరేగడి సంక్రమించినది. నేను నాగలి పట్టి యెఱుగను. ఆ భూమిని ఈతనికి కౌలుకిచ్చి, మృగశిరకార్తెకు ముందే కౌలు సొమ్ము పుచ్చుకొనుట నా వాడుక. 2018లో ప్రభుత్వమువారు రైతుబంధు పేర పెట్టుబడిసాయము నీయ నారంభించిరి. అది పట్టాదారు ఖాతాలో పడును. కౌలుదారునకు పట్టా లేదు. 2025లో పేరు రైతు భరోసాయై ఎకరమునకు 6,000 రూపాయలైనది. ఆ సొమ్ము నా ఖాతాలో పడెను. విత్తనము, ఎఱువు, కూలి అతనివి, మునిగిన పంట అతనిది, సాయము నాది. అతనికి ప్రాణముపోయినచో రైతుబీమా సైతము రాదు, అదియు పట్టాను అంటియున్నది గనుక.

అతడు కౌలు తిరిగి యిమ్మని యడుగుటకు రాలేదు. ఎడ్లనమ్మి అప్పు కొంత తీర్చితినని చెప్పి, "వచ్చే యేడు గూడ నాకే ఇయ్యుండ్రి సార్, వేరేటోళ్లకు ఇయ్యకుండ్రి" అని బ్రతిమాలుకొనెను.

ఆ క్షణమున నాకు అకృతాభ్యాగమమను పదమునకు భాష్యము దొరకినది. అమెరికా ధనవంతునకు మా దేశమెట్లో, నా కౌలుదారునకు నేనట్లు. నేను చేసిన దోషమేమియు లేదని చట్టము చెప్పును. కౌలు వాడుక ప్రకారము పుచ్చుకొంటిని. సాయము ప్రభుత్వము తానై యిచ్చెను. ఆ ధనవంతుడును సరిగా ఇట్లే చెప్పును. కృతనాశమును ఇక్కడనే కలదు: చేసినవాడతడు, ఫలము నాది.

ఆ రాత్రి ఈ సంగతి నా భార్యతో చెప్పితిని. ఆమె మొదట అమ్మాయి కళాశాల జీతము మాట యెత్తెను. ఆ మాట న్యాయమైనదే. కొంతసేపటికి తానే, "అది మన చేతికి వచ్చినదే గాని మనది కాదు గదండీ" అనెను. కౌలును, ఆ కాలపు సాయమును అతనికి తిరిగి యిచ్చితిమి. దీనిని గొప్పగా చెప్పుకొనుటకు నాకు నోరు లేదు. ఏలన, 2018 మొదలుకొని పుచ్చుకొన్న సొమ్ము మా యింటనే వ్యయమైనది. దానిని ఏమి చేయవలెనను ప్రశ్నకు మేము ఇంకను తెగువతో ఉత్తరము చెప్పుకొనలేకున్నాము.

చదువరులలో ననేకులు నావంటివారే. ఉద్యోగము పట్టణమున, భూమి పల్లెటూర. వారికి నా విన్నపము పెద్దది కాదు. కౌలు పత్రము వ్రాసి యిండు. పంట మునిగిన యేట కౌలును సగమైన వదలుడు. లాభములో పాలు లేనివానికి నష్టములో పాలేల యని వాదింపవలదు, స్థిరమైన కౌలు పుచ్చుకొనుటయే లాభములో పాలు. పెండ్లిండ్లలో ఆకులలో పాఱవేయు అన్నము పండుటకు ఎంత నీరు, ఎంత యెండ పట్టెనో పిల్లలకు చెప్పుడు. గ్రామమున చెఱువు శిఖము గుఱించిన తగవు వచ్చినప్పుడు మీ బంధువు ఆక్రమించినవాడైనను చెఱువు పక్షమున నిలువుడు. లోకసభలలో మన ప్రతినిధులు మన ఋణమును గట్టిగా నడుగుదురుగాక. అడుగు నోటికి బలము, తన యప్పు తాను తీర్చిన చేతినుండి వచ్చును.

ఆ బాలునకు నేను చివఱకు చెప్పినదిది. "నాయనా, మీ బాపు తప్పేమియు చేయలేదు. మీ బఱ్ఱెయు చేయలేదు. తప్పు చేసినవానికే శిక్ష పడునని నేను చెప్పినది లోకమున జరుగుచున్న సంగతి కాదు, జరుగవలసిన సంగతి. జరుగునట్లు చేయుట పెద్దలమైన మా పని. మేము చేయలేదు."

అతడు కొంతసేపు నన్ను చూచి, "దూడకు పాలెట్ల సార్?" అని యడిగెను. మా వీధిలో ఈనిన బఱ్ఱెగల యింటికి అతనిని తోడ్కొని పోయితిని. పెద్ద ప్రశ్నకు ఉత్తరము దొరకువఱకు చిన్న ప్రశ్నలు ఆగవు గదా!